మాస్టారి బండికి మూడు నూనెలు

శుక్రవారం పొద్దున అర్మాస్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, కారు తీయాలి, పెట్రోలు బంకు దాకా వెళ్ళి టాంకు నింపుకోవాలి, తిరిగి రావాలి. రానూ పోనూ నాలుగు కిలోమీటర్లు. బుధవారం చేయవలసిన అసలు ప్రయాణానికి ఇది రిహార్సల్ అన్నమాట.

అసలు ప్రయాణం రొవానియెమి పట్నంలోని ఆసుపత్రికి, నూట నలభై కిలోమీటర్లు. ఆయన భార్య సైమాకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఏడు నెలలు కాచుకున్నాక కుడి కంటి ఆపరేషన్‌కి బుధవారం ఉదయం తొమ్మిదింటికి రమ్మని ఉత్తరం వచ్చింది. ఆ రోజు తప్పిందా, మళ్ళీ వరస చివరికి పోయి నిలబడాలి. అంటే వేసవి మాటే. సైమా ఇప్పటికే చెత్తడబ్బాల షెడ్డును మనిషనుకుని గుడ్ మార్నింగ్ చెబుతోంది. మొన్న ఒక సాయంత్రం మేజోడు అల్లుతూ అల్లుతూ కుట్లు ఎక్కడ తప్పిపోయాయో కనబడక, ఊలుండను బుట్టలో పడేసింది.

ఇంకో సంగతి కూడా ఉంది. మాస్టారు మా ఊరు పెతాయసల్మిలోని చర్చిలో నలభై ఒక్క ఏళ్ళు చేతులతోనూ కాళ్ళతోనూ ఆర్గన్ వాయించారు. ఆ నలభై ఒక్క ఏళ్ళూ పెళ్ళిళ్ళకీ, చావులకీ, పక్క ఊళ్ళ ప్రార్థనలకీ ఆయన్ని కారులో తిప్పింది సైమాయే. ఆయన లైసెన్సు సొరుగులో స్వరాల పుస్తకాల కింద పడి ఉండేది. సెప్టెంబరులో డాక్టరు సైమాను ఇక స్టీరింగ్ ముట్టుకోవద్దన్నాకే మాస్టారు డ్రైవరు సీట్లోకి ఎక్కారు. ఇన్నేళ్ళు తనను తిప్పిన మనిషిని ఒక్కసారి, ఈ ఒక్కసారి, తాను తీసుకెళ్ళాలి. ఆయన కోరిక అంతే. అన్నేళ్ళు చర్చిలో పనిచేసి కూడా దేవుణ్ణి ఆయన అంతకు మించి ఏమీ అడిగింది లేదు.

ఆ పొద్దున చలి సున్నాకు ముప్ఫయి నాలుగు డిగ్రీల కింద ఉంది. ఇంజను వేడి చల్లారకుండా తీగతో రాత్రంతా కరెంటు స్తంభానికి తగిలించి ఉంచిన కారు కనుక ఇంజను బుద్ధిగా లేచింది. కానీ స్తంభం వేడి ఇంజనుకే గానీ గేర్ బాక్సుకు అందదు. గేరు కర్ర నిన్నటి సంకటిలో దిగేసిన తెడ్డులా నిలబడింది. మాస్టారు రెండు చేతులతో తోశారు. కిర్ర్ర్‌ర్ అని లోపల ఏదో ఏడ్చింది. ఆ ఏడుపు ఏ స్వరంలో ఉందో కూడా ఆయనకు తెలిసిపోయింది, అదొక అదనపు బాధ. మొదటి గేరు పడింది, రెండోది పడలేదు. రెండు కిలోమీటర్లూ మొదటి గేరులోనే, మంచు మీద కాలితో తోసుకుంటూ నడిపే స్లెడ్జి మీద పోతున్న ఒక ముసలావిడ తనను దాటిపోతుండగా, మాస్టారు బంకు చేరారు.

బంకులో కాఫీ బల్ల దగ్గర రోజూ కూర్చునే ముగ్గురూ ఉన్నారు. ముగ్గురూ మాస్టారుండే ఆరిళ్ళ వరసలోనే కాపురం. తెన్హో బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి, ఒక కాలికి కుంటు తెచ్చుకుని రిటైరైనవాడు. తెల్లెర్వో బడిలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైంది, ఇప్పుడు ఇళ్ళ సంఘానికి అధ్యక్షురాలు. కౌకో చలికాలమంతా రోడ్ల మీద మంచు తోసే లారీ నడుపుతాడు. మాస్టారు కాఫీ తెచ్చుకుని కూర్చుని, కప్పులోకి చూస్తూ అన్నారు.

"గేర్లు పడటం లేదు. నూనె గడ్డకట్టింది. మార్చాలట. ఏ నూనె పోయాలో నాకు తెలీదు. బుధవారం సైమాను తీసుకెళ్ళాలి. ఏం చెయ్యాలో పాలుపోవడం లేదు."

బల్ల చుట్టూ కప్పులు ఆగిపోయాయి. మా ఊళ్ళో ఒక మనిషి నాకు చేతకావడం లేదని పైకి అన్న సందర్భం అంతకు ముందు ఒక్కటే ఉంది. అది మంచు పగిలి చెరువులో పడ్డ మనిషి అన్న మాట, వాడు కూడా రెండోసారి మునిగాక గానీ అనలేదు.

"బండితో వచ్చిన పుస్తకంలో ఏముంది?" అంది తెల్లెర్వో చివరికి.

"డెబ్బై అయిదు డబ్ల్యూ ఎనభై. నాలుగో రకం."

"అయితే అదే. డబ్ల్యూ ముందు అంకె ఎంత తక్కువైతే చలికి అంత బాగా పారుతుంది. నాలుగో రకమంటే నాలుగో రకమే. ఇందులో ఆలోచించడానికేముంది?"

"పుస్తకం రాసినవాడు ఎప్పుడైనా ఇక్కడి జనవరి చూశాడా?" అన్నాడు తెన్హో. "క్లచ్చి ఉండని ఆటోమేటిక్ బండ్లలో పోసే ఎర్ర నూనె ఉంటుంది. నీళ్ళలా ఉంటుంది. నా బస్సులన్నిటికీ అదే పోశాను. ఒక్కటీ మొరాయించలేదు."

"నాలుగెందుకు, అయిదో రకం ఉండగా?" అన్నాడు కౌకో. "నాలుగు కంటే అయిదు పెద్దదేగా."

"అయిదో రకంలో గంధకం ఎక్కువ, ఇత్తడి రింగుల్ని తినేస్తుంది," అంది తెల్లెర్వో.

"నా లారీని ఇంకా తినలేదు మరి."

అక్కడితో మాటలు అయిపోయాయి. ముగ్గురూ కిటికీలోంచి, చలికాలమంతా పొద్దెక్కినా వీడని చీకట్లోకి చూస్తూ కాఫీ తాగి, టోపీలు పెట్టుకుని, ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు. మాస్టారు ఒంటరిగా మిగిలారు. ఊళ్ళో ఉన్న ఒక్క గ్యారేజీకీ ఫోన్ చేస్తే జనవరి ఎనిమిది దాకా ఖాళీ లేదన్నారు. ఇంతమందిలో ఒక్కరూ 'పద, చూద్దాం' అనలేదే అని ఆయన గుండె చెరువైంది. ఆ ముగ్గురూ ఆ క్షణంలోనే, వేరు వేరుగా, ఒకరికి తెలియకుండా ఒకరు, ఆ నూనె మార్చే పని నెత్తికెత్తుకున్నారని ఆయనకేం తెలుసు? మా వైపు సాయం చేస్తే దొంగతనంలా చేయాలి. ఎదురుగా చేస్తే అవతలివాడు థాంక్సు చెప్పాలి, చెబితే ఇద్దరూ సిగ్గుతో చావాలి.

ఆరిళ్ళకూ కలిపి ఒక వెచ్చటి షెడ్డు ఉంది. వంతుల వారీగా వాడుకుంటారు. మాస్టారి వంతు మంగళవారం సాయంత్రం ఆరు దాకా. తాళం చెవి అందరికీ తెలిసిన మేకుకే వేలాడుతుంటుంది. ఆయన కారును అందులో పెట్టారు, కనీసం వెచ్చగా ఉంటుందని.

శనివారం సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా మాస్టారిదీ సైమాదీ ఆవిరిస్నానం వంతు. ఆ సంగతి ఆరిళ్ళకూ ఉమ్మడిగా ఉన్న స్నానపు గది తలుపు మీద అంటించిన జాబితాలో ఏళ్ళ తరబడి ఉంది. అయిదూ ఒకటికి తెన్హో షెడ్డులోకి దూరాడు. పాత నూనె దించాడు, రెండు లీటర్ల ఎర్ర నూనె పోశాడు, బోల్టులు బిగించాడు, అయిదూ నలభైకి ఇంట్లో ఉన్నాడు. చాలాకాలం తర్వాత ఒక మంచి పని చేసిన తృప్తితో పంది వేపుడు రెండోసారి వడ్డించుకున్నాడు.

స్నానం అయ్యాక మాస్టారు ఊరికే ఓసారి చూసి వద్దామని షెడ్డుకు వెళ్ళారు. ఇంజను వేయకుండానే గేరు కర్ర కదిపి చూశారు. వెన్నలో కత్తి! మొదటిది, రెండోది, మూడోది. ఆయనకు కళ్ళు చెమ్మగిల్లాయి. షెడ్డు వెచ్చదనానికి జోహారు చెబుతూ కిందికి దిగితే, సిమెంటు నేల మీద ఒక ఎర్ర చుక్క కనిపించింది.

ఆయన ఒంగి వేలితో ముట్టుకుని చూశారు. నూనె. ఎర్రగా ఉంది. బండి గురించి ఆయనకు ఏమీ తెలియకపోయినా, ఎర్రటిది కారడం ఏ ప్రాణికీ మంచిది కాదని తెలుసు.

"ఎలా ఉంది బండి?" అంది సైమా, ఆయన ఇంట్లోకి రాగానే.

"బ్రహ్మాండంగా ఉంది," అన్నారు మాస్టారు. ఆమెకు దిగులు పెట్టడం ఇష్టం లేక అలా అని, తానొక్కరే మంచం మీద కూర్చుని దిగులు పడ్డారు.

ఆదివారం పది గంటలకు ఇద్దరూ చర్చికి నడిచి వెళ్ళారు. తెల్లెర్వో చర్చికి వెళ్ళదు. అణువుల మీద ఉన్న నమ్మకం ఆమెకు ఆ పై విషయాల మీద లేదు. పదీ అయిదుకు ఆమె తన డెబ్బై అయిదు డబ్ల్యూ ఎనభై డబ్బాతో షెడ్డులో కారు కింద పడుకుని బోల్టు విప్పింది. ఎర్ర నూనె ధారగా పడింది. ఆమె గుండె ఆగినంత పనైంది. మాస్టారే ఆ తెన్హో మాట విని, తెగించి, సొంతంగా ఈ పని చేసుకున్నాడని ఆమె నిర్ణయించుకుంది. పాపం ముసలాయన, ఆర్గన్ తప్ప ఇంకేదీ ముట్టని ఆ చేతులతో! ఈ మాట ఆయనతో అంటే అవమానపడతాడు. కనుక ఎవరికీ చెప్పకుండా ఎర్రది మొత్తం దించేసి, సరైనది పోసి, వెళ్ళేముందు నేలంతా సబ్బుతో అద్దంలా కడిగేసింది.

మధ్యాహ్నం మాస్టారు వచ్చి చూస్తే ఎర్ర చుక్క లేదు. కొత్త చుక్కా లేదు. నిన్న కారింది, ఇవాళ కారడం లేదు. ఆయన చాలాసేపు ఆలోచించి తేల్చుకున్నది ఒకటే. కారడానికి ఇంక లోపల ఏమీ మిగల్లేదు.

అయినా ఆశ చావలేదు. వంటింట్లోంచి సైమా యాలకుల బన్నులు కాల్చే పెద్ద ట్రే తెచ్చి కారు కింద పెట్టారు. ఒక్క చుక్క పడినా చాలు, ఇంకా ప్రాణముందని తెలుస్తుంది.

"అర్మాస్, నా బన్నుల ట్రే ఏది?"

"నేను చూడలేదే."

"నేనైతే చూడలేదంటే అర్థముంది. నువ్వెందుకు చూడలేదు?"

పెళ్ళయిన నలభై నాలుగేళ్ళలో ఆమెతో ఆడిన మొదటి అబద్ధం ఒక కారు గురించి, రెండోది ఒక ట్రే గురించి అవుతాయని ఆయన ఎన్నడూ అనుకోలేదు. సోమవారం పొద్దున వెళ్ళి చూస్తే ట్రే పొడిగా ఉంది. ఆయన గుండెలో రాయి పడింది. ఆ రాయితోనే వృద్ధాశ్రమానికి వెళ్ళి, ప్రతి సోమవారంలాగే పది నుంచి పన్నెండు దాకా అక్కడివాళ్ళ చేత పాటలు పాడించారు. అన్నీ విషాదగీతాలే ఎంచుకున్నారు. వాళ్ళకు బాగా నచ్చాయి.

పదీ ఇరవైకి కౌకో వచ్చాడు. కారు కింద ట్రే చూసి వాడి మనసు కరిగిపోయింది. నూనె దించుకుందామని ట్రే దాకా పెట్టుకుని, బోల్టు ఎక్కడుందో తెలియక మాస్టారు ఆగిపోయారన్నమాట! వాడు ఒక్క తిప్పుకు బోల్టు విప్పాడు. తేనెలాంటి శుభ్రమైన నూనె ట్రేలోకి జలజలా పడింది. ఇన్నేళ్ళ కారులో నూనె ఇంత కొత్తగా ఎలా ఉందని కౌకో ఒక క్షణం ఆశ్చర్యపోయాడు. ఆర్గన్ వాయించే మనిషి బండి కదా, నూనెకు కూడా మాసిపోయేంత పని తగిలి ఉండదని సర్దుకున్నాడు. బోల్టు బిగించి తన అయిదో రకం సీసా మూత తీయబోతుండగా ఫోన్ మోగింది. ఉత్తరం వైపు రోడ్డులో గాలికి మంచు గుట్టలు పడి పాలబండి ఇరుక్కుపోయిందట. సీసాను బల్ల మీద పెట్టి, రేపు పొద్దున వచ్చి పోద్దాంలే అనుకుని పరుగెత్తాడు.

పన్నెండున్నరకు మాస్టారు షెడ్డు తలుపు తీశారు. ట్రే అంచుల దాకా నిండి ఉంది.

ఆయన నేల మీద చతికిలబడ్డారు. రాత్రంతా ఒక్క చుక్క లేదు, ఇప్పుడు వరద. బండి ఆఖరి శ్వాస విడిచింది. బల్ల మీద ఎవరిదో కొత్త నూనె సీసా కూడా కనిపించింది. సమాధి దగ్గర కొవ్వొత్తి పెట్టి పోయినట్టు, ఎవరో ఈ ఘోరం చూసి, చెప్పలేక, సానుభూతిగా పెట్టి పోయారు. మాస్టారు రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చారు. కారు కోసం కాదు. సైమా ఇంకో ఆర్నెల్లు చెత్తడబ్బాల షెడ్డుకు గుడ్ మార్నింగ్ చెబుతూ బతకాలి, తన చేతకానితనం వల్ల.

తర్వాత ఆయన జీవితంలో ఎప్పుడూ చేయని పని చేశారు. వెళ్ళి ఇరుగుపొరుగు తలుపులు తట్టారు. మంగళవారం పొద్దున ఎనిమిదింటికి షెడ్డులో ముగ్గురూ హాజరు. ముగ్గురి చేతుల్లోనూ డబ్బాలున్నాయి.

"నూనె మొత్తం కారిపోయింది," అన్నారు మాస్టారు ట్రే చూపిస్తూ.

"కారే ప్రసక్తే లేదు. బోల్టు నా చేత్తో..." అని తెల్లెర్వో నాలుక కరుచుకుంది.

"నీ చేత్తో ఏమిటి?" అన్నాడు తెన్హో. "బోల్టు బిగించింది నేను. శనివారం."

"అయితే ఆ ఎర్ర దరిద్రం పోసింది నువ్వా!"

"దరిద్రమా? చూశావా? నువ్వెప్పుడు చూశావు?"

"ఆదివారం. మొత్తం దించి పారేశాను. ఈ ట్రేలో ఉన్నది నా నూనె."

కౌకో టోపీ తీసి లోపలికి చూసుకున్నాడు. "ట్రేలోకి దించింది నేను," అన్నాడు టోపీతో. "కొత్తగా ఉందే అనుకున్నాను."

"మరి తిరిగి ఏం పోశావు?"

"పోయలేదు. ఫోనొచ్చింది."

కౌకో టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. మాస్టారు మాత్రం ఒకరి తర్వాత ఒకరి మొహంలోకి చూస్తూ ఉండిపోయారు. ఇంతమంది తన కోసం ఇంత చేశారని ఆయనకు అర్థమైంది. ఇంతమంది ఇంత చేయకపోయి ఉంటే గేర్ బాక్సులో కనీసం పాత నూనె అయినా ఉండేదని కూడా అదే క్షణంలో తట్టింది. రెండూ పైకి అనలేదు.

తెల్లెర్వో వెంటనే సమావేశం ప్రారంభించింది. నలుగురు మనుషులు ఒకచోట నిలబడి ఒక విషయం తేల్చుకోవాలంటే ఆమెకు వేరే దారి తెలియదు. తానే అధ్యక్షురాలు, మాస్టారు కార్యదర్శి, చర్చల నివేదిక సరిచూడటానికి తెన్హో, కౌకో ఎన్నికయ్యారు. ఓటు వేసేవాళ్ళెవరూ మిగలకుండా అందరికీ పదవులు వచ్చాయి.

"నివేదికలో ముందు ఒకటి రాయండి మాస్టారూ," అంది. "సమావేశానికి రెండు వారాల ముందు నోటీసు ఇవ్వలేదు కనుక ఇక్కడ తీసుకునే నిర్ణయం చెల్లదు."

"ఆపరేషన్ రేపండీ," అన్నారు మాస్టారు దీనంగా.

"అది కూడా రాయండి."

గేర్ బాక్సుకు రెండు లీటర్లు కావాలి. లెక్క చూస్తే తెన్హో దగ్గర అర లీటరు ఎర్రది, తెల్లెర్వో దగ్గర అర లీటరు నాలుగో రకం, చాలుతుందనుకుని కౌకో తెచ్చిన సీసాలో ఒక లీటరు అయిదో రకం ఉన్నాయి. బంకులో గేర్ నూనె అనేదే లేదు.

"ఈ ట్రేలోది వడకట్టి పోసేద్దాం," అన్నాడు కౌకో.

తెల్లెర్వో వేలు ముంచి వాసన చూసింది. "ఇందులో యాలకుల పొడి ఉంది."

"యాలకులు గేర్లకు మంచిదేమో ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు."

"నా ఎర్రదాన్ని మీ చెత్తతో కలపనివ్వను," అన్నాడు తెన్హో.

"నా నూనెలో నీ ఎర్రది పడితే అది నూనె కాదు, పంచరంగుల విషం," అంది తెల్లెర్వో.

"కలపండి!" అని అరిచారు మాస్టారు. ఆయన అరవడం అంతవరకు ఎవరూ వినలేదు, బృందగానంలో పక్కవాళ్ళు శ్రుతి తప్పినప్పుడు కూడా. "ఎర్రది పొయ్యండి, పచ్చది పొయ్యండి, యాలకులు పొయ్యండి! నాకు ఆమెను తొమ్మిదింటికి అక్కడ దించడం ఒక్కటే కావాలి!"

ముగ్గురూ నోరు మూసుకుని, తలా కాస్త పోశారు. కలిసిన నూనె గోధుమరంగుకు తిరిగింది. ఎవరూ దాన్ని ఎక్కువసేపు చూడలేదు.

సాయంత్రం ఆరింటికి మాస్టారి వంతు అయిపోయింది. తర్వాతి వంతు చివరింటివాళ్ళది. వాళ్ళు మార్చి దాకా స్పెయిన్‌లో ఎండ కాగుతుంటారు, వాళ్ళ కారు కూడా వాళ్ళ కూతురింట్లో ఉంది. అయినా వంతు వంతే. కారును షెడ్డులో ఉంచుకోవచ్చా అని మాస్టారు అడగలేదు, ఉంచుకోమని తెల్లెర్వో అనలేదు. ఇద్దరికీ మనసులో ఉంది గానీ ఆ మాట ముందు ఎవరంటారు? నలుగురూ కలిసి బండిని బయటికి తోసి, స్తంభానికి తగిలించి, ఖాళీ షెడ్డుకు తాళం వేశారు.

బుధవారం పొద్దున ఆరింటికి చలి ముప్ఫయి ఏడు దగ్గర ఉంది. మాస్టారు చర్చికి వేసుకెళ్ళే కోటు వేసుకుని, మేజోళ్ళు రెండు జతలు తొడుక్కుని, పల్చటి నల్లబూట్లు వేసుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నారు. ఇంజను లేచింది. గేరు కర్ర తోశారు.

కిర్ర్ర్‌ర్‌ర్!

మళ్ళీ తోశారు. ఈసారి ఒక స్వరం కాదు, మూడు స్వరాలు ఒకేసారి ఏడ్చాయి. ఇళ్ళల్లో దీపాలు వెలిగాయి. తెన్హో వేడిగాలి గన్ను పట్టుకుని, కౌకో మంచుపార పట్టుకుని, తెల్లెర్వో గౌను మీద కోటు వేసుకుని పరుగెత్తుకొచ్చారు.

"మెల్లగా తొయ్యండి మాస్టారూ!"

"గట్టిగా తొయ్యండి!"

"ముందు వెనక గేరు వేసి చూడండి!"

మాస్టారు అన్నీ చేశారు. బండి అన్నిటికీ ఒకే విధంగా ఏడ్చింది. ఆరున్నర దాటింది. ఆయన స్టీరింగ్ మీద నుదురు ఆనించి, "అయిపోయింది, ఇంక అయిపోయింది," అన్నారు. ముగ్గురూ ఆ మాట విని తలలు దించుకున్నారు. ఎవరి నూనె వల్ల అయిందో అనే పోరు కూడా ఎవరికీ గుర్తు రాలేదు. అంతటి దుఃఖం అది.

అప్పుడు మలుపులో దీపాలు కనబడ్డాయి. ఒక టాక్సీ నిదానంగా వచ్చి ఆవరణ ముందు ఆగింది. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దీన్ని పిలిచింది నువ్వేనా అని ఎవరూ ఎవరినీ అడగలేదు.

ఇంటి తలుపు తెరుచుకుంది. సైమా చేతిసంచీతో, గోడ పట్టుకుంటూ బయటికి వచ్చింది.

"టాక్సీ వచ్చినట్టుందే?"

"నువ్వు... నువ్వు పిలిచావా?" అన్నారు మాస్టారు కారు దిగి.

"ఉత్తరం వచ్చిన రోజే ఫోన్ చేసి చెప్పాను. కళ్ళ ఆపరేషన్ వాళ్ళకు టాక్సీ పంపిస్తారని ఆ ఉత్తరం ఆఖరి పంక్తిలో ఉంది కదా. ఆ నంబరు పైకి చదివింది నువ్వే."

"మరి నాతో ఒక్క మాట అనలేదేం?"

"నువ్వంత సంబరంగా ఉన్నావు. ఈ రోజు దాకా ఉండనిద్దామనుకున్నాను." ఆమె గొంతు మెత్తబడింది. "నాకు మాత్రం నువ్వు తీసుకెళ్తే బాగుండుననే ఉంది అర్మాస్. కానీ నూట నలభై కిలోమీటర్లు ఆ కిర్రుమనే చప్పుడు నేను వినలేను."

"చప్పుడు నూనె వల్లమ్మా," అన్నాడు తెన్హో. "మేం మూడు రకాలు..."

"తెలుసు. శనివారం నువ్వు కుంటుకుంటూ వెళ్ళావు, ఆదివారం తెల్లెర్వో సబ్బు వాసన, సోమవారం కౌకో లారీ. నాకు కనబడటం లేదు గానీ చెవీ ముక్కూ పనిచేస్తూనే ఉన్నాయి. చెప్పుకోకుండా చేస్తున్నారు, నేనెందుకు బయటపెట్టాలి అనుకున్నాను." ఆమె తడుముకుంటూ కారు తలుపు పట్టుకుంది. "జరుగు అర్మాస్, ఒక్క నిమిషం."

ఆమె డ్రైవరు సీట్లో కూర్చుంది. ఎదురుగా ఆమెకు కనబడేది ఒక బూడిదరంగు తెర మాత్రమే. ఎడమ కాలు చాచి, క్లచ్చిని నేలకు తగిలేదాకా ఒక్క తొక్కు తొక్కింది. గేరు కర్ర తోసింది. టక్కుమని మొదటి గేరు పడింది. కొంచెం బరువుగా రెండోది. తర్వాత వెనక గేరు. ఒక్క ఏడుపు లేదు.

ఆవరణలో ఊపిరి పొగలు తప్ప ఏమీ కదల్లేదు.

"ఎలా?" అన్నారు మాస్టారు.

"నువ్వు క్లచ్చిని బొటనవేలితో ముట్టుకుంటావు, ఆర్గన్ కింది మెట్లను తాకినట్టు. సగం కూడా దిగదు. సెప్టెంబరు నుంచి వింటున్నాను. వెచ్చగా ఉన్నప్పుడు ఎలాగో పడేది. చలి వచ్చాక దానికి ఓపిక పోయింది."

"ముందే ఎందుకు చెప్పలేదు సైమా?"

"నలభై ఏళ్ళు నీ కాళ్ళను అందరూ మెచ్చుకున్నారు. నేనెలా చెప్పను?"

ఆమె ఇంజను ఆపి దిగి, ముగ్గురికీ తల ఊపి, టాక్సీ వైపు నడిచింది. తెన్హో వేడిగాలి గన్నును వీపు వెనక దాచుకున్నాడు. తెల్లెర్వో కోటు బొత్తాలు పెట్టుకోసాగింది. ఆ క్షణాన మాస్టారికి భూమి చీలితే బాగుండుననిపించింది, కానీ అంత చలిలో అది కూడా గట్టిగా బిగుసుకుని ఉంది. బండి బాగానే ఉంది, నూనె ఏదైనా నడిచేది, కావలసింది ఒక కాలు. ఆ కాలు ఆయన దగ్గరే ఉంది, ఇన్నాళ్ళూ.

"రా అర్మాస్," అంది సైమా టాక్సీ లోంచి. "పక్కన కూర్చో. చెయ్యి పట్టుకోవడానికి మనిషి కావాలి, అది టాక్సీవాడు చెయ్యడు."

ఆయన వెళ్ళి ఆమె పక్కన కూర్చుని, రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకున్నారు. టాక్సీ కదిలింది. ఇరవై కిలోమీటర్లు పోయింది. తర్వాత మాస్టారు మెల్లగా ముందుకు వంగి, రెండు సీట్ల మధ్య నుంచి తల పెట్టి, క్లచ్చి ఎంత లోతుకు తొక్కాలో నేర్చుకుందామని డ్రైవరు ఎడమ కాలి వైపు శ్రద్ధగా చూడసాగారు.

రొవానియెమి దాకా చూశారు. ఆ టాక్సీ ఆటోమేటిక్.